ఇల్లు అమ్ముతున్నాం, మమ్మల్ని కాదు

ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడు ఎవరైనా దాన్ని నాలుగు రోజులు సవరించుకుంటారు. గోడలకు సున్నం వేయిస్తారు. బొట్టు బొట్టుగా కారే నల్లాను బాగు చేయిస్తారు. లేచిన గచ్చు మీద సిమెంటు పూస్తారు. పగిలిన పెంకలు మార్పిస్తారు. మూలకు పడ్డ పాత సామాను చుట్టాల ఇంటికి చేరవేస్తారు. చూడవచ్చిన వాళ్లకు తమ మంచం ఎక్కడ పడుతుందో, తమ బీరువా ఏ గోడకు ఆనుతుందో కనపడాలి కదా. ఇందులో మోసం లేదు. పెండ్లిచూపుల నాడు పిల్ల తల దువ్వుకున్నంత సహజం.

కాని సిద్దిపేటలో ముసల్మాను ఇల్లు అమ్మకానికి వస్తే ఈ పనుల్లోకి ఇంకో పని వచ్చి చేరుతుంది. దాన్ని ఎవరూ కాగితం మీద రాయరు. మధ్యవర్తి గొంతు తగ్గించి చెబుతాడు. "సాబ్, ఆ మక్కా ఫోటో రెండు దినాలు తీసి లోపల పెట్టుండ్రి. దర్వాజ మీది 786 మీద జర పెయింటు కొట్టియ్యుండ్రి. చూడొచ్చేటోల్లు మంచోల్లే. కాని మనకెందుకు లొల్లి?"

ఈ మాట అనేవాడు మా శత్రువు కాడు. రంజాన్ నాడు మా ఇంట్లో షీర్ ఖుర్మా తాగినవాడే. ఇల్లు మంచి ధరకు పోతే అతని కమీషనూ పెరుగుతుంది. మా మంచి కోరే చెప్పాడు. అందుకే ఈ మాటకు జవాబు చెప్పడం కష్టం. తిట్టిన వాడికి తిట్టుతో బదులు చెప్పవచ్చు. మా మేలు కోసమే మమ్మల్ని దాచుకొమ్మన్న వాడికి ఏం చెప్పాలి? ఇది ఇల్లు ఊడ్చుకోవడమా, ఇంట్లోంచి మమ్మల్ని మేమే ఊడ్చుకోవడమా? చిన్న విషయమే. రెండు మేకులు పీకితే అయిపోయే పని. కాని ఈ దేశంలో మా బతుకు ఎప్పుడూ ఇట్లాంటి చిన్న విషయాల్లోనే తూకానికి వస్తుంది.

ఈ ప్రశ్న సిద్దిపేటలో ఇప్పుడు ఎక్కువగా ఎందుకు వస్తోందో చెప్పాలి. 2016 అక్టోబరు 11న మెదక్ జిల్లా నుంచి విడిపోయి సిద్దిపేట జిల్లా కేంద్రమైంది. హైదరాబాదును కరీంనగర్‌తో కలిపే రాజీవ్ రహదారి ఊరి మీదుగానే పోతుంది. 2023 అక్టోబరు 3న సికింద్రాబాదుకు రైలూ మొదలైంది. ఒకప్పుడు ఇంటిని అర్రల లెక్కన చెప్పుకున్న ఊళ్లో ఇప్పుడు గజాల లెక్కన చెప్పుకుంటున్నారు. గూన పెంకల ఇంటికి విలువ లేదు, దాని కింది జాగకు ఉంది. గల్లీల్లో పాత ఇండ్లు ఉన్న మావాళ్ల గడపలకు మధ్యవర్తుల రాకపోకలు పెరిగాయి.

మావాళ్లు ఎందుకు అమ్ముతారు? ఆస్పత్రి ఖర్చుకు, బిడ్డ పెండ్లికి, గల్ఫు అప్పుకు. ఇవి అందరికీ ఉన్నవే. మాకు ఇంకో కారణమూ ఉంది. మా షరియత్ ప్రకారం కూతురికి ఆస్తిలో వాటా ఉంది. ఒక లెక్క చూడండి. 120 గజాల ఇల్లు వదిలి తండ్రి చనిపోయాడు. అప్పులు లేవు. ఆయన తల్లిదండ్రులు ముందే పోయారు. భార్య, ఇద్దరు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు మిగిలారు. భార్యకు ఎనిమిదో వంతు, అంటే 15 గజాలు. మిగిలిన 105 గజాల్లో కొడుకుకు రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు. కొడుకులకు తలా 30 గజాలు, కూతుళ్లకు తలా 15 గజాలు. 15 గజాల్లో ఎవరు కాపురం చేస్తారు? ఎవరు ఎవరి వాటా కొనగలరు? చెల్లెండ్ల హక్కు ఎగ్గొట్టే అన్నలు మాలోనూ ఉన్నారు. ఎగ్గొట్టడం ఇష్టం లేనివాళ్లు ఇల్లు అమ్మి డబ్బు పంచుతారు.

అంటే ఖురాన్ చెప్పిన పంపకం చేయడానికే ఇల్లు అమ్ముతున్నాం. ఆ అమ్మకం జరగడానికి గోడ మీది ఖురాన్ ఆయత్ దించమంటున్నారు. మా ఇబ్బంది ఎక్కడుందో దీంతో కొంత అర్థం కావాలి.

మా ఇంట్లో దాచవలసినంత ఏముంది? దర్వాజ మీద 786. బిస్మిల్లాలోని అక్షరాలకు అబ్జద్ లెక్కలో వచ్చే మొత్తం అది. దాని అవసరం లేదనే ఉలమాలు మాలోనే ఉన్నారు. దాలాన్‌లో కాబా, మదీనాల పటం. పక్కన ఆయతుల్ కుర్సీ ఫ్రేము. గోడలోని తాఖ్‌లో బట్టలో చుట్టిన ఖురాన్, మడిచిన రెహల్. దండెం మీద జానిమాజ్. కిటికీలకు ఆకుపచ్చ రంగు. లోపలి అర్రకు పర్దా. ఒక మూల బధ్నా. ఇంతే. ఇందులో గోడలో కట్టింది ఒక్క తాఖ్. మిగతావన్నీ ఇల్లు ఖాళీ చేసేనాడు మాతోనే బండెక్కుతాయి. ఎట్లాగూ తీసుకుపోయేవాటిని పది రోజులు ముందే తీస్తే ఏం పోయింది అని అడగవచ్చు. మా ముసలమ్మలు ఇంకా సూటిగా అంటారు: "ఫోటో దించితే ఈమాన్ దిగిపోతుందా బేటా? అల్లా ఫ్రేములో ఉన్నాడా?"

నిజమే. పటం దించితే ఈమాన్ పోదు. వస్తువు గురించి మాకు పట్టింపు లేదు. దాన్ని దించడానికి చెప్పే కారణం గురించే మా పట్టింపు.

అమ్మకం గురించి మా ధర్మం చాలా స్పష్టంగా మాట్లాడింది. ప్రవక్త ముహమ్మద్ (స.అ.స.) బజారులో ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూశారు. పైన ఎండుగా ఉంది, లోపల వేళ్లకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే వాన పడిందని వర్తకుడు చెప్పాడు. మరి ఆ తడిసిన గింజల్ని అందరికీ కనపడేట్టు పైన ఎందుకు పెట్టలేదని అడిగి, మోసం చేసేవాడికి తమతో సంబంధం లేదని తేల్చి చెప్పారు. ఈ హదీసును మా మసీదుల్లో చిన్నప్పటి నుంచి వింటున్నాం. హనఫీ న్యాయంలో దీని చుట్టూ పెద్ద శాస్త్రమే ఉంది. చూడకుండా కొన్నవాడికి చూశాక కాదనే హక్కు ఉంది. సరుకులో 'ఐబ్', అంటే లోపం, బయటపడితే తిరిగి ఇచ్చే హక్కు ఉంది. ఈ దేశపు చట్టమూ అదే చెబుతుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపం అమ్మేవాడికి తెలిసి ఉంటే చెప్పి తీరాలి.

కాబట్టి పైకప్పు కారుతుంటే మేము చెప్పాలి. దూలానికి చెద పట్టిందని చెప్పాలి. పక్కింటివాడితో గోడ తగాదా ఉంటే చెప్పాలి. దుబాయిలో ఉన్న తమ్ముడు ఇంకా సంతకం పెట్టలేదని చెప్పాలి. మరకల మీద సున్నం పూసి, వానాకాలం రాకముందే రిజిస్ట్రేషన్ ముగించాలని చూసేవాడు తడి గింజల వర్తకుడే. వాడు ఐదు పూటలా నమాజు చదివేవాడైనా సరే.

ఇక్కడే ఒక చిక్కు వస్తుంది. 12వ శతాబ్దంలో మర్గీనానీ రాసిన 'హిదాయా' హనఫీ న్యాయానికి ఆధార గ్రంథం. వర్తకుల వాడుకలో ధర తగ్గించేది ఏదైనా ఐబేనని అందులో ఒక కొలత ఉంది. చాలా తెలివైన కొలత. లోపం ఏదో పండితులు కూర్చొని చెప్పనక్కర లేదు, బజారే చెబుతుంది. కాని ఈ కొలతను సిద్దిపేట బజారులో పెట్టి చూడండి. "తుర్కోల్ల ఇల్లు" అనగానే ధర తగ్గుతోందే! అట్లాగైతే మా మతం మా ఇంటికి ఐబ్ అవుతుందా? మేము ముసల్మానులం కావడం చెదపట్టిన దూలం లాంటిదా?

కాదు. ఐబ్ అనేది సరుకులో ఉండాలి. సరుకు చేయి మారినా దాంతోనే పోవాలి. మేము వెళ్లిపోయినా కారే కప్పు కారుతూనే ఉంటుంది. మేము వెళ్లిపోయాక ఆ ఇంట్లో ముసల్మాను ఎక్కడ మిగులుతాడు? మాతో పాటు బండెక్కి పోయేది ఇంటికి లోపం ఎట్లా అవుతుంది? ఇటుకకు కలిమా రాదు. సున్నానికి సున్నతు చేయరు. ఇంటిలో లేని లోపాన్ని ఇంటి ధరలో కోస్తున్నారంటే, ఆ కోత ఇంటి మీద పడింది కాదు, మా మీద పడింది.

వాస్తు మాట కూడా ఇక్కడే తేల్చుకుందాం. చూడవచ్చినవాళ్లు దిక్కులు చూస్తారు. ఈశాన్యంలో బరువు ఉందా, ఆగ్నేయంలో వంట ఉందా, వీధిపోటు ఉందా అని అడుగుతారు. మాకూ ఒక దిక్కు పట్టింపు ఉంది. కిబ్లా ఇక్కడి నుంచి పడమర, కొద్దిగా ఉత్తరానికి. పాయఖానాలో కూర్చున్నప్పుడు ముఖం గాని వీపు గాని అటువైపు ఉండకూడదని చూసి కట్టుకుంటాం. మా దిక్కు వాళ్లకు పనికిరాదు, వాళ్ల దిక్కు మాకు తెలియదు. అయినా వాస్తు బాగాలేదని ధర తగ్గించమంటే మేము బాధపడం. అది నమ్మకమే కావచ్చు. కాని ఇంటి గురించిన నమ్మకం. మేము పోయాక కూడా ఆ వంటిల్లు ఆ మూలనే ఉంటుంది. కొనేవాడికి తన నమ్మకం ప్రకారం బేరం చేసే హక్కు ఉంది. మా గురించిన నమ్మకంతో మా ఇంటికి ధర కట్టడం మాత్రం వేరే లెక్క.

ఇంకొకటి వాసన. గడప దాటగానే కొందరు ముక్కు చిట్లిస్తారు. "నీసు వాసనొస్తుంది కదా" అంటారు. 2014 నాటి ప్రభుత్వ నమూనా సర్వేలో 15 ఏండ్లు దాటినవాళ్లలో మాంసాహారులు అన్ని రాష్ట్రాల కంటే తెలంగాణలోనే ఎక్కువ. నూటికి 98 మందికి పైగా. బోనాలకు, దసరాకు, దావత్‌కు యాట తెగని ఇల్లు ఇక్కడ ఎన్ని ఉన్నాయి? నూటికి 98 మంది వండుకునే కూర మా బావర్చీఖానాలోనే వాసన కొడుతుందా? ఆ ముక్కుకు తగిలేది కూర వాసన కాదు, మా పేరు.

ఇదే జనం మొహర్రంలో పీరీల ముందు కుడుకలు, శక్కరి పెడతారు. దర్గాకు మొక్కుకుంటారు. బిడ్డ నిదురలో ఉలిక్కిపడితే మా మౌజన్ దగ్గరికి ఊదించడానికి తెస్తారు. తావీజు కట్టించుకుంటారు. మా దువా పనికొస్తుంది, మా దయ్యం మంత్రం పనికొస్తుంది. మేము బతికిన గోడలే పనికిరాకుండా పోతున్నాయి.

మధ్యవర్తి మాటలో అసలు సంగతి ఇప్పుడు చూడాలి. పటం దించితే ఎవరిని ఏమార్చినట్టు? సిద్దిపేట లాంటి ఊళ్లో ఏ ఇల్లు ఎవరిదో తెలియని వాళ్లు ఎవరు? గల్లీ మొదట్లో అడిగితేనే "సాయబులిల్లా? అదిగో" అని చూపిస్తారు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో అమ్మేవాడి పేరు, తండ్రి పేరు పెద్ద అక్షరాలతో దస్తావేజు మొదటి పేజీలోనే ఉంటాయి. పక్కన ఫోటో, వేలిముద్ర. కొనేవాడికి ముందు నుంచీ అంతా తెలుసు. కాబట్టి మేము పటం దించి దాచిపెట్టే నిజం ఏదీ లేదు. అతనికి తెలియకూడదని కాదు దించమంటున్నది. తెలిసినదాన్ని కండ్లతో చూసే శ్రమ అతనికి కలగకూడదని.

ఇది అబద్ధం కంటే వేరైన పని. అబద్ధంలో ఒకడు ఇంకొకడిని మోసం చేస్తాడు. ఇందులో ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ కలిసి మేము అక్కడ లేనట్టు నటిస్తారు. తన ఇంట్లో, తన పేరు మీద ఉన్న ఇంట్లో, తాత కట్టిన గోడల నడుమ నిలబడి, లేనట్టు నటించాల్సిన వాడు ఒక్కడే. మేము వెళ్లిపోయాక ఆ ఇల్లు ఎట్లా ఉంటుందో మా చేతనే ముందుగా చూపించమంటున్నారు. మమ్మల్ని బాధపెట్టేది ఇది.

ముసల్మానుకు ఇల్లు అమ్మడమంటే ఈ నేల మీద ఇంకో అర్థమూ ఉంది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. ఆ తర్వాత హైదరాబాదు సంస్థానంలో తిరిగిన సుందర్‌లాల్ కమిటీ, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు పోయాయని అంచనా వేసింది. ఘోరం ఎక్కువగా జరిగింది ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో. బీదర్ మెదక్‌కు పొరుగే. ఆ రోజుల్లో ఎందరో పల్లెల్లోని ఇండ్లకు తాళం వేసి పట్నాలకు, హైదరాబాదుకు చేరుకున్నారు. 1992 డిసెంబరు 6 తర్వాత ఊరి నడుమ ఒంటరిగా ఉన్న ఇల్లు మంచిదా, మనవాళ్ల నడుమ ఉన్న ఇల్లు మంచిదా అనే మాట ప్రతి కుటుంబంలోనూ వచ్చింది. అందుకే ముసల్మాను ఇల్లు అమ్ముతున్నాడంటే చుట్టుపక్కల వినపడే మొదటి ప్రశ్న "ఎంతకు?" అని కాదు, "ఎటు పోతుండ్రు?" అని. పోయేవాడిగా కనపడిన వాడికి ధర తగ్గించి చెప్పడం బజారు నైజం.

ఇది సిద్దిపేటకే పరిమితమైన సంగతి కాదు. గుజరాత్‌లో 1991 నాటి కల్లోలిత ప్రాంతాల చట్టం కింద, ప్రకటించిన ప్రాంతాల్లో ఇల్లు చేయి మారాలంటే కలెక్టరు ముందస్తు అనుమతి కావాలి. భయపడి చవకగా అమ్ముకునే వాళ్లను కాపాడటానికని పుట్టిన చట్టం, హిందువుల వీధిలో ముసల్మాను ఇల్లు కొనకుండా అడ్డుకునే కంచెగా మారింది. 2006లో సచార్ కమిటీ, కోరుకున్న చోట ఇల్లు కొనడం, కిరాయికి తీసుకోవడం ముస్లింలకు కష్టంగా ఉందని రాసింది. రాజ్యాంగం 15వ అధికరణ దుకాణాల్లో, హోటళ్లలో, బావుల దగ్గర, చెరువుల దగ్గర మత వివక్ష కూడదంది. ప్రైవేటు ఇంటి అమ్మకం, కిరాయి మాట అందులో లేదు. ఒక మతం వాళ్లకే సభ్యత్వమని నియమం పెట్టుకున్న ఇండ్ల సహకార సంఘాన్ని 2005లో సుప్రీంకోర్టు సమర్థించింది కూడా.

సముద్రం అవతలా ఇదే కథ. ఇండ్లు నల్లవాళ్లకు అమ్మరాదని దస్తావేజుల్లో రాసుకున్న షరతులను కోర్టులు అమలు చేయరాదని అమెరికా సుప్రీంకోర్టు 1948లో చెప్పింది. ఇండ్ల విషయంలో వివక్షను నిషేధిస్తూ 1968లో అక్కడ చట్టమూ వచ్చింది. అంత జరిగాక, 2020లో కాలిఫోర్నియా రాష్ట్రం మారిన్ సిటీలో ఒక నల్లజాతి దంపతులు తమ ఇంటికి విలువ కట్టించారు. 9 లక్షల 95 వేల డాలర్లని తేలింది. కొద్ది వారాలకు గోడల మీది తమ కుటుంబం ఫోటోలు, ఆఫ్రికా బొమ్మలు తీసేశారు. ఒక తెల్ల స్నేహితురాలిని ఇంటావిడగా నిలబెట్టి, ఆమె కుటుంబం ఫోటోలు పెట్టి మరొకరి చేత విలువ కట్టించారు. ఈసారి 14 లక్షల 82 వేల 500 డాలర్లు! అదే ఇల్లు, అవే గోడలు. తేడా 4 లక్షల 87 వేల 500. వాళ్లు దావా వేశారు, 2023లో రాజీ కుదిరింది. మా మధ్యవర్తి గొంతు తగ్గించి చెప్పే మాటను వాళ్లు అంకెల్లో తేల్చి చూపించారు.

మళ్లీ సిద్దిపేటకు వద్దాం. చూడవచ్చినవాళ్లు గోడ మీది ఉర్దూను చూసి ఇబ్బంది పడతారు. నాలుగు రోజులకు వాళ్ల వకీలే వచ్చి "పాత ఉర్దూ కాగితాలు ఉన్నయా?" అని అడుగుతాడు. నిజాం కాలం దస్తావేజులు ఉర్దూలోనే కదా. ఇంటి మీద మా హక్కు నిలబడాలంటే ఆ కాగితం కావాలి. చదివిపెట్టడానికి మా పెద్దమనిషే ఒకాయన కావాలి. గోడ మీద వద్దన్న అక్షరాలు దస్తావేజులో ఉంటే ధైర్యం! ఈ బేరంలో రెండు పక్షాలూ మాట్లాడే తెలుగు వినండి. బయానా, దస్తావేజు, ఖరారు, కబ్జా, రశీదు, కిరాయి, వారసుడు. చివరికి 'హక్కు' అనే మాట కూడా. ఇవన్నీ ఒకప్పుడు మా నాలుకల మీదుగా వచ్చి తెలుగులో కాపురం పెట్టినవే. మాటలకు ఎవరూ పేరు అడగలేదు.

మేము కొనేవాళ్లమై వెళ్లిన సంగతీ చెప్పాలి. హిందువుల ఇల్లు చూడబోతే వాకిట్లో తులసి గద్దె ఉంటుంది. గడపకు పసుపు కుంకుమలు, దర్వాజకు మామిడాకులు, దేవుని అర్రలో వరుసగా పటాలు ఉంటాయి. చెప్పులు విప్పి లోపలికి పోతాం. ఆ పటాలు తీసేస్తేనే చూస్తామని అనం. అట్లా అంటే ఏమవుతుందో మాకు తెలుసు, మీకూ తెలుసు. అసలు అనాలని తోచదు. ఇల్లు వాళ్లది, వాళ్లు ఉన్నన్నాళ్లు వాళ్ల దేవుళ్లు ఉంటారు. ఇంతకంటే పెద్ద నీతి మేము అడగడం లేదు.

ఈ నీతి మా గల్లీకీ వర్తించాలి. "మనోల్లకే అమ్ము" అనే మాట మాలోనూ ఉంది. హనఫీ న్యాయంలో షుఫా అని ఒక హక్కు ఉంది. ఇల్లు అమ్మితే ముందు కొనుక్కునే అవకాశం పొరుగువాడికి ఇవ్వాలి. కేవలం పొరుగువాడైనందుకే అట్లాంటి హక్కు ఉండటం రాజ్యాంగానికి విరుద్ధమని 1962లో సుప్రీంకోర్టు కొట్టేసింది. షుఫా పొరుగు గురించి చెప్పింది, మతం గురించి కాదు, కులం గురించి అసలే కాదు. కాని వాడుకలో దాన్ని దేనికి వాడుకుంటున్నాం? దూదేకులవాళ్లు కొంటామంటే పెదవి విరిచే సయ్యదులు లేరా? దళిత కుటుంబం చూడవస్తే "గల్లీ వాళ్లు ఏమంటరో" అనే మాట మా నోట రాలేదా? కొనేవాడి పుట్టుక చూసి ధర చెప్పే ముసల్మానుకు, అమ్మేవాడి పుట్టుక చూసి ధర కోసేవాణ్ణి తప్పుపట్టే హక్కు ఎక్కడిది?

ఇంకో మాట. మజ్బూరీలో ఉన్నవాణ్ణి మేము తీర్పు చెప్పే పీట మీద కూర్చొని చూడం. తల్లి ఆస్పత్రిలో ఉంటే, వారం లోపల డబ్బు కట్టాల్సి ఉంటే, పటం దించి ఇల్లు చూపించినవాడు ఏ పాపమూ చేయలేదు. నిషిద్ధాన్ని కూడా జరూరత్ సడలిస్తుందని మా ఫిఖాయే చెబుతుంది. ఇది నిషిద్ధం కూడా కాదు. లక్ష రూపాయలు తగ్గితే చెల్లెండ్ల వాటాలూ తగ్గుతాయి. పటం ఉంచి చెల్లెలి సొమ్ము పోగొట్టమని ఏ ధర్మం చెబుతుంది? ఆత్మగౌరవం మాట పేదవాడి ఖర్చుతో చెప్పడం మాకు చేతకాదు. దించినవాడిని అడగవలసిన ప్రశ్న కాదు ఇది. దించమన్న బజారును అడగవలసిన ప్రశ్న.

అడగగలిగిన వాళ్లమైతే అడగాలి. మధ్యవర్తి గొంతు తగ్గించి చెప్పినదాన్ని మేము గొంతు పెంచి అడగాలి. "ఎందుకు తియ్యాలె భాయ్? ఎవరికి ఇబ్బంది? పేరు చెప్పు, మేమే మాట్లాడుతం." ఈ ప్రశ్నకు చాలాసార్లు జవాబు ఉండదు. నిజానికి చూడవచ్చేవాళ్లలో అందరూ అట్లాంటి వాళ్లు కారు. కొందరికి ఆ పటం కనపడనే కనపడదు, బోరులో నీళ్లు ఎంత లోతున ఉన్నాయనే అడుగుతారు. ఎవరో ఏదో అనుకుంటారని మధ్యవర్తి భయం. మధ్యవర్తి భయాన్ని చూసి మా భయం. ఈ భయాల నడుమ, అడగని వాడి అభ్యంతరానికి కూడా మేము ముందే తల వంచుతున్నాం. అడగనిదే వంచరాదు.

మిగతా సింగారమంతా చేద్దాం. సున్నం వేయిద్దాం, నల్లా బాగు చేయిద్దాం, దాలాన్ కడిగిద్దాం. తడి గింజలు పైన పెడదాం. కారే కప్పు, చెద దూలం, పక్కింటి తగాదా, దుబాయి తమ్ముడి సంతకం, ఏదీ దాచవద్దు. ఉర్దూ దస్తావేజుకు తెలుగు నకలు రాయించి ముందే చేతిలో పెడదాం. కొనేవాళ్లు వాస్తు చూసుకోనీ, దూలాలు కొట్టి చూసుకోనీ, బోరు నీళ్లు తాగి చూసుకోనీ. రేపు గృహప్రవేశం నాడు హోమం చేసుకోనీ, తాఖ్‌లో దీపం పెట్టుకోనీ. ఇల్లు అప్పటికి వాళ్లది. మా పటాలు మాత్రం మేము సామాను సర్దుకునే రోజున, మా చేతులతో, ఇంకో గోడ కోసం దించుకుంటాం.

ఇల్లు నచ్చకపోతే కొనకండి. ఇరుకు అనండి, పాతది అనండి, ఈశాన్యం పెరిగిందనండి. ఆ మాట మీద ఎంత బేరం చేసినా మేము కూర్చొని మాట్లాడతాం. మేము నచ్చకపోతే ఆ సంగతి వేరు. దానికి ఇంటి ధరలో కోత లేదు.